భీమిలి ఒడ్డున కుళ్లిన కళేబరాలను గుర్తుపట్టడం: తొమ్మిది నెలల నోట్సు

పోయిన నవంబరులో మా బావ ఒక ఫొటో పంపాడు. తడి ఇసుకలో ఏదో పడి ఉంది. చిన్న తల, పొడవాటి మెడ, ఒంటి నిండా తెల్లటి వెంట్రుకలు. "ఇదేంటో చెప్పు, నువ్వు జువాలజీ చదివావు కదా" అన్నాడు. చదివిన మాట నిజమే, ఇరవయ్యేళ్ల కిందట. చెప్పలేకపోయాను. రెండు రోజులు అదే ఆలోచన. ఆ వారం నుంచే ఆదివారాలు తెల్లవారుజామున మంగమారిపేట దగ్గర బస్సు దిగి, భీమిలి వైపు ఒడ్డు వెంట నాలుగైదు కిలోమీటర్లు నడవడం మొదలుపెట్టాను. దారిలో కనిపించిన ప్రతి కళేబరాన్నీ కొలవాలి, ఫొటో తీయాలి, అది ఏ జీవో తేల్చాలి. అంతే పని. జులై చివరికి 41 నమోదులయ్యాయి. అందులో 26 తాబేళ్లే.

నవంబరు, డిసెంబరు

ఈ రెండు నెలలు నడక తక్కువ, చదువు ఎక్కువ. బావ ఫొటో లాంటివి లోకంలో ఇంకెక్కడెక్కడ దొరికాయో వెతికాను. నాకు బాగా పనికొచ్చిన కేసు న్యూజిలాండ్ దగ్గర జరిగింది. 1977 ఏప్రిల్ 25న క్రైస్ట్‌చర్చ్‌కు తూర్పున, జుయియో మారు అనే జపాన్ ట్రాలర్ వలలో ఒక కుళ్లిన కళేబరం పడింది. పొడవు సుమారు 10 మీటర్లు, బరువు సుమారు 1,800 కిలోలు. పొడవాటి మెడ, నాలుగు పెద్ద రెక్కలు. పట్టిన చేపలు పాడైపోతాయని దాన్ని మళ్లీ సముద్రంలోనే వదిలేశారు. అయితే ఓడలో ఉన్న మిచిహికో యానో అనే ఆయన అంతకుముందే ఫొటోలు తీశాడు, కొలతలు రాసుకున్నాడు, రెక్క నుంచి నలభైకి పైగా గట్టి పీచులు కోసి దాచాడు. డైనోసార్ల కాలం నాటి ప్లీసియోసార్ అనే పొడవాటి మెడ సముద్ర సరీసృపం ఇంకా బతికే ఉందని జపాన్ అంతా ఊగిపోయింది. తర్వాత ఆ పీచుల్లోని అమైనో ఆమ్లాలను పరీక్షిస్తే, సొరచేపల రెక్కల్లో ఉండే ఎలాస్టాయిడిన్ అనే ప్రోటీనుతో సరిపోయాయి. అది బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొర.

సొరకు మెడ ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు అర్థం కావడానికి వారం పట్టింది. సొర ఒంట్లో ఉండేది ఎముక కాదు, మృదులాస్థి. బాస్కింగ్ షార్క్‌కు నోరు చాలా పెద్దది. దవడలు, మొప్పల కమానులు పుర్రెకు వదులుగా వేలాడుతుంటాయి. కుళ్లేటప్పుడు ముందు ఊడిపోయేవి అవే. అవి పోయాక చిన్న పుర్రె డబ్బా, దాని వెనక సన్నటి వెన్ను మిగులుతాయి. చూసేవాళ్లకు అది చిన్న తల, పొడవాటి మెడ. తోకలోనూ ఇదే తంతు. సొర వెన్ను తోక పైభాగంలోకే సాగుతుంది. కింది భాగానికి వెన్ను ఆసరా లేదు కాబట్టి అది రాలిపోయి, బల్లి తోక లాంటిది మిగులుతుంది. చర్మం పోయాక చిట్లిన కండ పీచులు, రెక్క పీచులే వెంట్రుకలు. 1808లో స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లోని స్ట్రోన్సే ఒడ్డున పడ్డ ‘ఆరు కాళ్ల’ జంతువు కథా ఇదే. 55 అడుగులని కొలిచి, కొత్త జీవి అని లాటిన్ పేరు కూడా పెట్టేశారు. లండన్‌లో ఎవరార్డ్ హోమ్ దాని వెన్నుపూసలు చూసి సొర అని తేల్చాడు. ఆ కాళ్లు జత రెక్కలు, మగ సొరకుండే జననాంగాలు.

అప్పుడే నోట్‌బుక్‌లో గళ్లు మార్చి గీసుకున్నాను. ‘ఏం కనిపిస్తోంది’ కంటే ముందు ‘ఏం ఊడిపోయింది’ అనే గడి. నా మటుకు ఈ పని మొత్తం ఆ గడిలోనే ఉంది. ఖాయంగా తేలినవి పెన్నుతో, తేలనివి పెన్సిల్‌తో రాస్తాను.

సంచిలో ఏముండాలి

మొదట అన్నీ మోసుకెళ్లాను, తర్వాత తగ్గించాను. ఇప్పుడు తీసుకెళ్లేవి: రబ్బరు గ్లవ్స్ రెండు జతలు, మాస్కు, టైలర్లు వాడే మెత్తటి టేపు, 30 సెంటీమీటర్ల స్కేలు, తిప్పి చూడటానికి గట్టి వెదురు కర్ర, సబ్బు, రెండు లీటర్ల నీళ్లు. స్కేలు మీద సెంటీమీటరుకొకటి చొప్పున నల్ల టేపు ముక్కలు అంటించాను. ఫొటోలో అంకెలు కనబడకపోయినా చారలు లెక్కపెట్టుకోవచ్చు. చెప్పులు వద్దు, మూసి ఉన్న బూట్లు కావాలి. చేతికి కోత ఉన్న రోజు నేను దేన్నీ ముట్టుకోను.

ఫొటో విషయంలో ఒక జాగ్రత్త. ఫోన్ తల దగ్గర పెట్టి ఏటవాలుగా తీస్తే ఏ జంతువుకైనా మెడ సాగుతుంది. నిలబడి, ఫోన్ నేలకు సమాంతరంగా పట్టుకుని, నేరుగా పైనుంచి తీయాలి. నేను వరసగా ఎనిమిది తీస్తాను. స్కేలుతో మొత్తం ఒళ్లు, రెండు పక్కలు, తల, నోరు, రెక్క, తోక, అడుగుభాగం. అడుగుభాగం మరిచిపోతే మాత్రం ఇంటికొచ్చాక కచ్చితంగా బాధపడతాం.

పోటు తగ్గుతున్న వేళ వెళ్తే మంచిది. కొత్తగా కొట్టుకొచ్చినవి నీటి గీత దగ్గరే ఉంటాయి, కుక్కలు ఇంకా ముట్టుకుని ఉండవు. పెద్ద తిమింగలం పడిందని తెలిస్తే మాత్రం దగ్గరికి పోవద్దు. కడుపులో గ్యాస్ నిండి ఉంటుంది. 2004 జనవరిలో తైవాన్‌లోని తైనాన్‌లో లారీ మీద తీసుకెళ్తున్న స్పెర్మ్ వేల్ నడిరోడ్డు మీదే పగిలింది. జెల్లీ చేపలు చచ్చి ఎండినట్టున్నా కుడతాయి. సముద్రపు పాము కదలకపోయినా ముట్టుకోకూడదు. తోక పడవ తెడ్డులా చదునుగా ఉంటే పామే.

జనవరి, ఫిబ్రవరి

ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు దగ్గరగా వచ్చే కాలం. చచ్చినవీ అప్పుడే ఎక్కువ. చాలావాటికి దెబ్బ ఏదీ కనబడదు. తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ప్రాణం పోతుంది. ఒక్క ఉదయమే నాలుగు చూసిన రోజు కొలతలు రాయబుద్ధి కాలేదు. రాశాను, ఎందుకంటే రాయకపోతే ఆ నాలుగూ లెక్కలోకే రావు.

తాజా తాబేలైతే తేల్చడం తేలిక. డిప్ప మధ్యలో ఒక వరస పలకలు, దానికి అటూ ఇటూ పక్క పలకలు. పక్క పలకలు ఒక్కోవైపు నాలుగైతే గ్రీన్ టర్టిల్, ఐదైతే లాగర్‌హెడ్, ఆరు లేదా అంతకన్నా ఎక్కువైతే సాధారణంగా ఆలివ్ రిడ్లే. రిడ్లేకి కుడి ఎడమ లెక్కలు తరచూ సరిపోవు. నాలుగే ఉండి, పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే హాక్స్‌బిల్.

నేను తప్పు చేసింది ఇక్కడే. ఫిబ్రవరి మూడో వారంలో బాగా పాతబడ్డ డిప్ప ఒకటి దొరికింది. తల ఉంది, చర్మం లేదు. పక్కకు ఎనిమిది పలకలు లెక్కపెట్టి, ‘ఆలివ్ రిడ్లే’ అని పెన్నుతో రాసేశాను. రెండు వైపులా సరిగ్గా ఎనిమిదే ఉండటం మాత్రం మనసులో గుచ్చుతూనే ఉంది. మూడు వారాల తర్వాత ఫొటోలు పెద్దవి చేసి చూస్తే తెలిసింది, నేను లెక్కపెట్టినవి పై పలకలు కావు. పైనున్న కొమ్ము పలకలు ఎప్పుడో ఊడిపోయాయి. కింద ఎముక పలకలు సముద్ర తాబేళ్లకు మామూలుగా పక్కకు ఎనిమిదేసి ఉంటాయి. వాటి మధ్య అతుకులు రంపపు పళ్లలా వంకరటింకరగా ఉంటాయి. పై పలకలు కూర్చున్న చోట ఎముక మీద నున్నటి పల్లపు గాడులు మిగులుతాయి. లెక్కపెట్టాల్సింది ఆ గాడులను. మళ్లీ లెక్కిస్తే పక్కకు నాలుగే పలకలు. కింది దవడ ఫొటో చూశాను, అంచు రంపంలా ఉంది. గ్రీన్ టర్టిల్! పెన్నుతో రాసింది కొట్టేసి, పక్కనే తేదీ వేసి సరిచేశాను. ఇప్పుడు పాత డిప్ప దొరికితే ముందు గోటితో గీసి చూస్తాను. గాడి నున్నగా తగులుతుంది, అతుకు గరుకుగా తగులుతుంది.

ఏప్రిల్

వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలైంది. జూన్ 14 దాకా మర పడవలు వేటకు పోవు కాబట్టి ఒడ్డున మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఆ మొదటి ఆదివారమే పది మంది గుమిగూడి ఉన్నారు. ఇసుకలో ఒక చెయ్యి! మణికట్టు, వేళ్లు, కణుపులు, అన్నీ ఉన్నాయి. పోలీసులకు ఫోన్ చేయాలని ఒకాయన గట్టిగా అంటున్నాడు. నాకూ గుండె దడదడలాడింది.

కూర్చుని లెక్కపెట్టాను. మన వేలికి మూడు కణుపులు. దీని రెండో వేలికి ఏడు. మోచేతి పైన ఉండాల్సిన ఎముక నా బొటనవేలి పొడవైనా లేదు, కానీ లావుగా ఉంది. ముంజేతి ఎముకలు రెండూ చదునుగా, పొట్టిగా ఉన్నాయి. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ను అడిగాను.

"తాతా, ఇలాంటిది ఇంతకుముందు చూశారా?"

"సూసేను బాబూ. డాల్ఫిన్‌ది. తోలూడిపోతే ఇలాగే సెయ్యిలాగ ఉంటాది."

ఆయన నోటివెంట ఆ మాట వచ్చాక గుంపులో టెన్షన్ తగ్గింది. డాల్ఫిన్ రెక్క లోపల ఉండేది చెయ్యే. చేపకు అలా ఉండదు. పీచులో, ముళ్లో ఉంటాయి. ఒంటిమీద తోక ఇంకా ఉంటే మరీ సులువు. చేప తోక నిలువుగా ఉంటుంది, డాల్ఫిన్ తోక అడ్డంగా ఉంటుంది. పుర్రె దొరికితే పళ్లు చూడాలి. మొనదేలి ఉంటే డాల్ఫిన్, పారలా చదునుగా ఉంటే వీపు రెక్క లేని ఫిన్‌లెస్ పార్పాయిస్.

ఆ చెయ్యిని అక్కడే వదిలేశాను. డాల్ఫిన్లు, తిమింగలాలు, సముద్ర తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పన్ను కూడా ఇంటికి తెచ్చుకోకూడదు. ఫొటోలు, కొలతలు, చోటు అటవీ శాఖకు తెలియజేయడమే మనం చేయగలిగింది. సేకరించాలనిపిస్తే సముద్రఫేనం ఉంది, ఆయుర్వేద దుకాణాల్లో అమ్మే తెల్లటి తేలిక బిళ్ల. అది కటిల్‌ఫిష్ లోపలి గవ్వ.

మే

అప్పడంలా గుండ్రంగా, పల్చగా ఉన్న ఎముక బిళ్లలు మూడు వారాల్లో మూడు దొరికాయి. ఏ చేపకూ సరిపోలేదు. చివరికి తేలింది, అవి పిల్ల డాల్ఫిన్ వెన్నుపూసల చివరి మూతలు. వయసు వచ్చేదాకా ఆ మూతలు పూసకు అతుక్కోవు, కుళ్లితే విడిపోతాయి. పూసలు చూసి చెప్పడం అప్పటి నుంచి కాస్త పట్టుబడింది. సొర పూస దారపు ఉండ చుట్టే రీలులా రెండు వైపులా గుంటపడి, గుంటలో వలయాలతో ఉంటుంది; ముళ్లు అంటుకుని ఉండవు. డాల్ఫిన్ పూసకు రెండు కొసలూ చదును, పైకీ పక్కలకూ పొడవాటి కొమ్ములు.

ఈ నెలలోనే మనిషి ముఖమున్న చేప దొరికిందని పిల్లలు పిలిచారు. ఎండిపోయిన గిటార్ చేప, వెల్లకిలా పడి ఉంది. కళ్లనుకున్నవి ముక్కు రంధ్రాలు. తిప్పి చూపిస్తే అసలు కళ్లు వీపు వైపున్నాయి. వల బాగుచేసుకునే తాత దాన్ని చూసి "టేకుల జాతే" అన్నాడు. టేకు అంటే చదునుగా ఉండే రే చేప.

జులై

రుతుపవనాలకు అలలు పెద్దవయ్యాయి. రెండో ఆదివారం తెల్లటి ముద్ద ఒకటి దొరికింది. పొడవు 1.4 మీటర్లు, మందం 20 సెంటీమీటర్లు. తల లేదు, ఎముక లేదు, రెక్క లేదు. కర్రతో నొక్కితే రబ్బరులా తిరిగి లేస్తోంది. నూనె వాసన. అంచులో పీచులు వేలాడుతున్నాయి.

1896లో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ ఒడ్డున ఇలాంటిదే, కానీ చాలా పెద్ద ముద్ద పడింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న అడిసన్ వెరిల్ దాన్ని కళ్లారా చూడకుండానే, ఉత్తరాలు ఫొటోల మీద ఆధారపడి రాక్షస ఆక్టోపస్ అని పేరు పెట్టాడు. ముక్కలు చేతికొచ్చాక అది తిమింగలానిదని ఒప్పుకున్నాడు. అయినా ఆక్టోపస్ వాదం వందేళ్లు బతికింది. 2003లో చిలీ ఒడ్డున పడ్డ ముద్దను డీఎన్‌ఏ పరీక్ష చేస్తే స్పెర్మ్ వేల్ అని తేలింది. అప్పుడు సెయింట్ అగస్టీన్ నమూనాను కూడా మళ్లీ చూసి, అదీ తిమింగలం కొలాజెనే, అంటే ఒంట్లోని పీచు ప్రోటీనే అన్నారు. చర్మం కింది కొవ్వు పొరలో నూనె కారిపోతే, దాన్ని పట్టి ఉంచిన పీచుల అల్లిక మిగులుతుంది. కండ అయితే పీచులన్నీ ఒకే వైపు నడుస్తాయి. ఈ అల్లిక కొబ్బరి పీచు పట్టలా అన్ని వైపులకూ పోతుంది.

నా ముద్ద అంచును దగ్గరగా ఆరు ఫొటోలు తీశాను. నాలుగింటిలో పీచులు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉన్నాయి, రెండింటిలో మసకగా వచ్చాయి. వారం తర్వాత వెళ్తే 90 సెంటీమీటర్లే మిగిలింది. ఆ తర్వాతి వారం లేదు. నమోదు 41: ‘తిమింగలం కొవ్వు పొర కావచ్చు’. పెన్సిల్‌తోనే ఉంది. డీఎన్‌ఏ లేకుండా దాన్ని పెన్నులోకి మార్చను. ఫోన్‌కు పెట్టుకునే చిన్న మాక్రో లెన్సు ఒకటి కొన్నాను, వచ్చే ఆదివారం నుంచి సంచిలో ఉంటుంది.