రేగడి మీద ఇల్లు, మే నెల ఎండలో కాంక్రీటు

మే నెలలో నంద్యాల వైపో, తాండూరు వైపో, భైంసా వైపో నల్లరేగడి చేలో నిలబడి చూడండి. నెర్రెలో మోచేతి దాకా చెయ్యి దూరుతుంది. ఆగస్టులో అదే చేలో వెతికినా నెర్రె కనిపించదు, నేల ఉబ్బి మూసేస్తుంది. పత్తికి ఇది మంచి నేల. ఇంటి పునాదిని మాత్రం ఏటా ఒకసారి కిందికి లాగుతుంది, ఒకసారి పైకి తోస్తుంది. రేగడిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంక ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు నీళ్లు దూరితే ఉబ్బుతుంది, ఆరిపోతే ముడుచుకుంటుంది.

ఇల్లు లేచాక దాని కింది మట్టికి ఎండ తగలదు, తేమ అక్కడే నిలుస్తుంది. గోడల వెంబడి ఉన్న మట్టి మాత్రం ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. అందుకే నడిమింట్లో గచ్చు పొంగుతుంది, మూలలు దిగుతాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు లేస్తాయి. పై కొసన వెడల్పు, కిందికి వచ్చేకొద్దీ సన్నం. వీటిని చూసి చాలామంది సిమెంటు కంపెనీని తిడతారు. సిమెంటు తప్పు అరుదు. రేగడి ఇంట్లో లెక్కంతా నీళ్లదే. నేలలో తేమ మారకూడదు. కాంక్రీటులో నీళ్లు మించకూడదు, పోసినవి తొందరపడి ఆరిపోకూడదు.

ముందు మట్టి సంగతి. ల్యాబులో చేసే ఫ్రీ స్వెల్ పరీక్ష చాలా సులువైనది. ఎండబెట్టిన మట్టిని 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, పది గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలజాడీల్లో వేస్తారు. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్ నింపి, గాలి బుడగలు పోయేలా కలిపి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి తేడా తెలుస్తుంది. కిరోసిన్ జాడీలో మట్టి 10 మి.లీ. దగ్గర, నీళ్ల జాడీలో 18 దగ్గర నిలిచిందనుకోండి, ఉబ్బు 80 శాతం. 50 దాటితే జాగ్రత్త పడాలి. 100 దాటితే మేస్త్రీ మాట మీద పునాది వెయ్యకండి, మట్టి రిపోర్టు చూసిన ఇంజినీరు డ్రాయింగ్ ఇవ్వాల్సిందే. పరీక్షతో పాటు స్థలంలో ఒక గుంట కూడా తవ్వించి, మొరం ఎన్ని అడుగులకు తగులుతుందో చూడండి.

ఐదారు అడుగుల్లో గట్టి మొరం తగిలితే ఫుటింగులు (స్తంభాల కింద వేసే కాంక్రీటు దిమ్మెలు) దాని మీదికి దించడమే మేలు. తగలకపోతే అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే నేలలో రంధ్రం తవ్వి పోసే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు. రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి నేలల కోసమే వీటిని అభివృద్ధి చేసింది, భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగంలో వివరాలున్నాయి. మామూలు ఇంటికి 30 సెం.మీ. వ్యాసం, సుమారు మూడున్నర మీటర్ల లోతు. అడుగున రంధ్రాన్ని వెడల్పు చేసి రెండున్నర రెట్ల బల్బు తీస్తారు, అంటే 75 సెం.మీ. ఎండా వానా అంతగా చేరని లోతులో బల్బు కూర్చుంటుంది కాబట్టి పైమట్టి ఎంత ఆడినా పైల్‌ను లేపలేదు. బల్బు తీశారో లేదో పైనుంచి కనపడదు. కొస వంచిన ఎల్ ఆకారపు కడ్డీని దించి తిప్పి చూడాలి. ఇంకో గుర్తు సిమెంటు లెక్క. సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లలో ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాలు పడతాయి. బల్బు లేని రంధ్రం పావు ఘనపు మీటరే. రెండు బస్తాలకే పైల్ నిండిపోయిందంటే అడుగున బల్బు లేనట్టే, రెండున్నరకు పైన పట్టాలి.

పైల్స్ మీద వచ్చే, గోడలను మోసే ప్లింత్ బీమ్ నేలను తాకకూడదు. కింద కనీసం 80 మి.మీ. ఖాళీ ఉండాలి. డబ్బు పోసి పైల్స్ వేయించి, బీమును నేల మీదే పీసీసీ (కడ్డీలు లేని కాంక్రీటు పొర) పరిచి పోసేస్తే ఉబ్బే మట్టి బీమును నేరుగా పైకి తోస్తుంది, పైల్స్ ఖర్చు దండగ. బీము కింద ఇసుక నింపి పోసి, గట్టిపడ్డాక ఆ ఇసుక తోడేస్తే ఖాళీ వస్తుంది. రెండు పక్కలా మట్టి జారి పడకుండా రాతి పలకలు నిలబెట్టాలి.

పునాది గుంటల విషయంలో ఎండాకాలం ఇంకో చిక్కు ఉంది. వైశాఖంలో ముహూర్తం బాగుందని శంకుస్థాపన చేసి, అదే ఊపులో గుంటలన్నీ తవ్వి, స్టీలు రాలేదని పదిహేను రోజులు వదిలేస్తారు. గుంట అడుగు ఎండి పగులుతుంది, తర్వాత వచ్చే వానకు ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి ఉబ్బుతుంది. పూజ చేసుకోండి, తవ్వకం ఆపండి. తవ్వినా చివరి 15 సెం.మీ. వదిలేసి, పీసీసీ పోసే రోజే తియ్యండి. ఫుటింగు కింద ఇసుక పరుపు కూడా రేగడిలో పనికిరాదు. చుట్టూ బంకమట్టి, నడుమ ఇసుక అంటే నీళ్లు నిలిచే తొట్టి కట్టినట్టే. తవ్విన నల్లమట్టినే బేస్‌మెంట్‌లో నింపడం అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. కుప్ప అక్కడే ఉంటుంది, ట్రాక్టరు ఖర్చు మిగులుతుంది. ఆ మిగులు ఒక్క వానాకాలానికే టైల్స్ కింద పొంగై తేలుతుంది. మొరమే తెప్పించి, 15 నుంచి 20 సెం.మీ. పొరలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టించాలి.

కారు పెట్టే చప్టాకు రెండడుగుల రేగడి తీసేసి మొరం నింపడం మంచిది. అంత తియ్యలేకపోతే పైమట్టిలో సున్నం కలపొచ్చు, మట్టి బరువులో నాలుగైదు శాతం. 15 సెం.మీ. మందానికి చదరపు మీటరుకు సుమారు 12 కిలోల హైడ్రేటెడ్ (నీళ్లతో ఆర్చిన) సున్నం పడుతుంది. కలిపి, తడిపి, ఒకరోజు ఉంచి, మళ్లీ కలిపి దిమ్మిస కొట్టాలి. చప్టా కాంక్రీటు పది సెం.మీ., మూడు మీటర్లకొక జాయింటు, జాయింటు లోతు 25 మి.మీ. ఎండాకాలం కోత అదే రోజు పడాలి, మర్నాడు కోద్దామంటే చప్టా తనకు నచ్చిన చోట పగిలి ఉంటుంది. స్తంభాలకూ గోడకూ చప్టా అతుక్కోకుండా చుట్టూ థర్మోకోల్ పట్టీ పెట్టండి.

ఇక స్లాబు. నీడలో 40 డిగ్రీలు దాటితే కాంక్రీటు పనికి ప్రత్యేక జాగ్రత్తలు కావాలని ఐఎస్ 7861 చెబుతుంది. మన దగ్గర ఏప్రిల్ నుంచే మధ్యాహ్నాలు అంతే. తెల్లవారుజామున నాలుగింటికి మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) తిరగాలి, పదింటికల్లా పోత అయిపోవాలి. ముందురోజు సాయంత్రమే కంకర కుప్పను తడిపి పట్టాలు కప్పండి. సెంట్రింగ్ షీట్లూ కడ్డీలూ పోతకు ముందు నీళ్లతో చల్లబరచండి, గుంటల్లో నీళ్లు నిలవకుండా తుడవండి. ఎండలో ఉన్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు వాడితే కాంక్రీటు తట్టలో ఉండగానే బిగుస్తుంది. కలిపే నీళ్ల డ్రమ్ములో ఐసుగడ్డలు వేస్తే చాలా తేడా ఉంటుంది, ఐసు కరిగే నీళ్లు కూడా లెక్కలోకే వస్తాయి.

ఆ లెక్క ఐఎస్ 456 ఇస్తుంది. ఎం20 నామినల్ మిక్స్‌లో, అంటే పైన చెప్పిన 1:1½:3 పాళ్లలో, 50 కిలోల బస్తాకు 30 లీటర్లు, అంతే. తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా ఇందులోవే. బస్తాకు పడే ఇసుక దాదాపు 78 కిలోలు, అందులో ఐదు శాతం తేమ ఉంటే నాలుగు లీటర్లు ముందే చేరాయి, మీరు పోయాల్సింది 26. పైన కాంక్రీటు పరిచేవాళ్లు ఎండకు గట్టిపడుతోందని పలుచగా పంపమంటారు, కింద మిల్లర్ దగ్గరున్నతను ఇంకో బకెట్ కొడతాడు. స్లాబు బలం పోయేది అక్కడే. జారుడుతనం కావాలంటే నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారేలా చేసే ప్లాస్టిసైజర్ ద్రవం వాడండి, డబ్బా మీదున్న మోతాదు దాటకుండా. రెడీమిక్స్ తెప్పిస్తే బండి నింపిన టైము చలానాలో చూడండి, రెండు గంటల్లోపు దించేయాలి. ట్రాఫిక్‌లో ఆలస్యమైందని డ్రమ్ములో నీళ్లు పట్టనివ్వొద్దు.

చదును చేసిన గంట, గంటన్నరకు స్లాబు మీద కూర్చుని చూడాల్సిన దృశ్యం ఒకటుంది. పైన తేలిన నీటి మెరుపు ఒక్కసారిగా చచ్చి, ఉపరితలం మాసిన రంగుకు తిరుగుతుంది. కింది నుంచి ఊరే నీటి కంటే వడగాలి లాగేసే నీరు ఎక్కువైందన్నమాట. చదరపు మీటరుకు గంటకు ఒక లీటరు పోతే ప్రమాదం. 120 గజాల స్లాబు మీద అది గంటకు వంద లీటర్లు. కాసేపటికి అడుగు, అడుగున్నర పొడవు సన్నటి బీటలు ఒకదాని పక్కన ఒకటి వరసగా తేలతాయి. కాంక్రీటు ఇంకా మెత్తగా ఉంటే చెక్క గజంతో కొట్టి మూసేయొచ్చు. చాలాచోట్ల పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దేస్తారు. బీట లోపలే ఉంటుంది, పైపొర మాత్రం ఆ తర్వాత పెచ్చులూడుతుంది. మెరుపు చావకముందే ప్లాస్టిక్ షీటు కప్పితే ఈ తిప్పలే ఉండవు.

గోళ్ల ఒత్తిడికి గుర్తు పడనంత గట్టిపడ్డాక గోనె పట్టాలు, మర్నాటికి మడులు. ఐదు సెం.మీ. నీళ్లు నిలపాలంటే అదే స్లాబుకు ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి పడుతుంది, ఆరేకొద్దీ మళ్లీ నింపాలి. షాపుల్లో దొరికేది ఎక్కువగా పీపీసీ, అంటే బూడిద కలిపిన, నెమ్మదిగా బలం పుంజుకునే సిమెంటు కాబట్టి ఎండలో 14 రోజులు పట్టండి. స్తంభాలను అందరూ మరిచిపోతారు. గోనె చుట్టి, పూటకు మూడుసార్లు తడపాలి. ఇక్కడే రేగడి మళ్లీ గుర్తుకు రావాలి. స్లాబు మీది నీళ్లు ఒక మూలనుంచి కారి పునాది పక్కనే రోజూ ఇంకుతుంటే, ఇల్లు పూర్తికాకముందే ఆ మూల మట్టి ఉబ్బుతుంది. మడి గట్లు గట్టిగా కట్టి, కారే నీటిని పైపుతో దూరంగా వదలండి. ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల చప్టా, బయటికి వాలుతో, గోడకు అతకకుండా వేయించండి. బాత్రూం పైపు గోడ దాటే చోట ఊగడానికి వీలుండే జాయింటు పెట్టండి. వేప చెట్టును అది ఎంత ఎత్తు పెరుగుతుందో అంత దూరంలో నాటండి.

బీటలు వచ్చేసిన ఇంట్లో ముందు ఏడాది పాటు కనిపెట్టాలి. బీట కొసన పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించండి. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టు. ఎండల్లో విచ్చుకుని వానల్లో మూసుకుంటుంటే అది నేల పని. అలాంటి బీటను మేలో, బాగా విచ్చుకున్నప్పుడు సిమెంటు మాలుతో బిగిస్తే వానాకాలంలో గోడ మూసుకోవడానికి చోటుండదు, పక్కనే కొత్త బీట పుడుతుంది. నీటి కారణాలు సరిచేసి, డిసెంబరు జనవరిల్లో సాగే రకం సీలెంట్‌తో నింపండి.