ఆకుపచ్చ తెరకు ముసుగేస్తే బిల్లు తగ్గదు

మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థల కేంద్ర కంప్యూటర్) వాడే పాత ఆకుపచ్చ 3270 తెర అంటే సాధారణంగా 24 వరుసలు, 80 అక్షరాల వెడల్పు. దానికి బ్రౌజర్ ముసుగేస్తే ఖర్చు తగ్గుతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. వెనకాల నడిచేది అదే సీఐసీఎస్ (మెయిన్‌ఫ్రేమ్‌లో లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్) ట్రాన్సాక్షన్. పైగా వెబ్‌లో జనం ఊరికే రిఫ్రెష్ కొడతారు, సీపీయూ వాడకం పెరిగినా పెరుగుతుంది.

ముందు బిల్లు ఎక్కడ పుడుతోందో చూడండి. ఐబీఎం సబ్-కెపాసిటీ (మొత్తం సామర్థ్యానికి కాక వాడకానికి కట్టే) నెలవారీ సాఫ్ట్‌వేర్ లైసెన్సులో చార్జీని తేల్చేది ఆ నెలలో నాలుగు గంటల రోలింగ్ యావరేజ్ (ఎప్పటికప్పుడు గత నాలుగు గంటల సీపీయూ వాడకం సగటు) తాకిన గరిష్ఠం. పీక్ పగలు ఉంటే రాత్రి బ్యాచ్‌ని ఎంత చెక్కినా పైసా మిగలదు. పీక్ వేళ సీపీయూ తినే ట్రాన్సాక్షన్లను ఎస్‌ఎంఎఫ్ 110 రికార్డుల్లో (సీఐసీఎస్ వాడకాన్ని సిస్టమ్ నమోదు చేసే లాగ్) పట్టుకుని వాటితోనే మొదలుపెట్టాలి. బ్యాలెన్స్ చూడటం లాంటి చదివే పనులను బయటి డేటాబేస్ కాపీకి మళ్లించొచ్చు. జావాలో రాసిన లాజిక్ జిప్ (zIIP, కొన్ని రకాల పనులకే ఉన్న ప్రత్యేక) ప్రాసెసర్ మీద నడిస్తే ఆ వాడకం ఈ లెక్కలోకి రాదు. మెయిన్‌ఫ్రేముల పాత ప్రోగ్రామింగ్ భాషైన మామూలు కోబాల్‌కి ఆ వెసులుబాటు లేదు.

అసలు నొప్పి ఇలా డేటాను బయటికి తరలించడంలో. రికార్డు మొత్తాన్ని ఎబ్‌సిడిక్ (మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్) నుంచి ఆస్కీకి (మిగతా కంప్యూటర్ల కోడ్) మార్చేస్తే కాంప్-3 (కోబాల్ కుదించి దాచే) అంకెలు పాడైపోతాయి. అందులో బైటుకి రెండు అంకెలు, చివరి అర బైటులో గుర్తు ఉంటాయి, అక్షరాలు కావు. కాపీబుక్ (రికార్డులో ఏ ఫీల్డు ఎక్కడ, ఏ రకమో చెప్పే కోబాల్ నిర్వచనం) చూసి ఫీల్డు ఫీల్డుగా మార్చాల్సిందే. సార్ట్ వరస కూడా తిరగబడుతుంది: ఎబ్‌సిడిక్‌లో అక్షరాల తర్వాత అంకెలు, ఆస్కీలో అంకెలే ముందు. సార్ట్ చేసే ఫీల్డులో (కీలో) రెండూ కలిసి ఉంటే, వరసని నమ్ముకున్న రిపోర్టులు ఎర్రర్ ఇవ్వకుండానే తప్పు మొత్తాలు చూపిస్తాయి. పాత, కొత్త ఫలితాలను పక్కపక్కన పోల్చేటప్పుడు నెలాఖరు రన్‌ని తప్పకుండా కలపండి.