వరుసగా రెండు క్రూజులు వెళ్లేవారికి టిప్పుల సంగతి

అమెరికాలో పిల్లలున్న విజయనగరం, శ్రీకాకుళం తల్లిదండ్రులకు ఈ మధ్య క్రూజు ప్రయాణం మామూలు విషయమైపోయింది. కొడుకు హ్యూస్టన్‌లో ఉంటే గాల్వెస్టన్ రేవులోనూ, కూతురు ఫ్లోరిడాలో ఉంటే మయామిలోనో పోర్ట్ కెనావరల్‌లోనో ఓడ ఎక్కిస్తున్నారు. అంత దూరం వచ్చినవాళ్లు ఒక్క వారంతో దిగిపోవడం ఎందుకని, అదే ఓడ మరుసటి వారం వేరే దీవులకు వెళ్తున్నప్పుడు దానికీ టిక్కెట్టు తీసి, సామాను కదల్చకుండా అందులోనే ఉంచేసే పిల్లలూ ఉన్నారు. మా అబ్బాయి మా దంపతులకు చేసిన ఏర్పాటు అదే. తిరిగి వచ్చిన తరువాత అయ్యకోనేరు గట్టు మీద ఉదయపు నడకలో కలిసే మిత్రులు దీవుల గురించి అడిగింది తక్కువ, డబ్బు గురించి అడిగింది ఎక్కువ. వారి ప్రశ్నల్లో తరచుగా వచ్చింది ఒకటి: సిబ్బందికి ఇవ్వాల్సిన టిప్పు రెండు వారాలకూ కలిపి చివర్లో ఒకేసారి ఇచ్చేస్తే సరిపోతుందా? సరిపోదని నా అభిప్రాయం. మనకు అది రెండు వారాల ఒకే ప్రయాణం కావచ్చు గాని, ఓడకూ అందులో పనిచేసేవారికీ అవి రెండు వేర్వేరు ప్రయాణాలు.

అమెరికా రేవుల నుంచి నడిచే పెద్ద కంపెనీల ఓడల్లో టిప్పు పూర్తిగా మన దయాదాక్షిణ్యాలకు వదిలేసిన విషయం కాదు. కంపెనీని బట్టి మామూలు గదులకు మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు, సూట్ గదులకు ఇంకొంచెం ఎక్కువ, ఓడలో మన ఖర్చులన్నీ రాసే ఖాతాలో దానంతటదే పడుతూ ఉంటుంది. పసిపిల్లలకు కొన్ని కంపెనీలు మినహాయింపు ఇచ్చినా, కాస్త పెద్ద పిల్లలకు చాలావాటిలో పెద్దవారి రేటే పడుతుంది. భార్యాభర్తలిద్దరూ రోజుకు 18 డాలర్ల చొప్పున రెండు వారాలు ఉంటే 504 డాలర్లవుతుంది. డాలరుకు 85 రూపాయలే వేసుకున్నా 43 వేలకు కాస్త తక్కువ. మనవాళ్లలో ఎందరికో అది ఒక నెల పింఛను కంటే ఎక్కువ మొత్తం, కనుక ఆ అంకె చూసి గుండె గుభేల్మనడం సహజమే.

ఆ గుభేల్మన్న గుండెతో కొందరు చివరి రోజు రాత్రి గెస్ట్ సర్వీసెస్ కౌంటరు ముందు వరుసలో నిలబడి, ఖాతాలోంచి ఆ మొత్తాన్ని తీసేయించుకుంటారు. చాలా కంపెనీల్లో అలా తీసేయించుకోవడానికి వీలుంది. గుమాస్తా కారణం అడిగినా పెద్దగా వాదించడు. "మా గది శుభ్రం చేసిన మనిషికి మేమే చేతికి ఇస్తాం" అన్నది సాధారణంగా చెప్పే కారణం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే నేను సోంపేట వైపు పనిచేసిన రోజుల్లో నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రవాడు, తరువాత ఓడల్లో పనిచేయడానికి కావలసిన సీడీసీ పుస్తకం తీసుకుని ఒక క్రూజు ఓడ లాండ్రీలో చేరాడు. కాంట్రాక్టు ముగిసి ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను చూసి వెళ్తాడు. అతను పనిచేసేది నీటి మట్టానికి దిగువన ఉండే అంతస్తులో. వేల మంది వాడిన దుప్పట్లు, తువ్వాళ్లు, బల్లగుడ్డలు రాత్రీ పగలూ అక్కడికే దిగుతాయి. చేతికి ఇచ్చే టిప్పుల సంగతి నేను కదిపినప్పుడు నవ్వి, "మా మొకం ఎవులు సూస్తారు మేష్టారూ, ఖాతాలో పడిందాంట్లో వాటా వస్తేనే మాకు" అన్నాడు. రోజువారీగా పడే ఆ డబ్బు గది చూసే మనిషికీ, భోజనశాలలో వడ్డించేవారికీ మాత్రమే కాక, చాలా ఓడల్లో ఇలా తెర వెనుక ఉండేవారికి కూడా పంపకమవుతుంది. పైగా కొన్ని కంపెనీల్లో, ఖాతాలోని టిప్పు తీసేయించుకున్న ప్రయాణికుడు ఎవరికైనా నగదు ఇస్తే దాన్ని ఉమ్మడి మొత్తంలో జమ చేయాలన్న నియమం ఉంది. ఖాతా జోలికి పోకుండా అదనంగా ఇచ్చినదే ఆ మనిషికి మిగులుతుంది. కనుక చేతికి ఇస్తామని చెప్పి ఖాతాలోది తీసేయించడం వల్ల, ఎవరికి మేలు చేయాలనుకున్నామో వారికే అది చేరకపోవచ్చు.

వరుస ప్రయాణాల్లోని ప్రత్యేకత ఇక్కడి నుంచి మొదలవుతుంది. గది మారకపోయినా రెండు వారాలకూ బుకింగులు రెండు, ఖాతాలు రెండు. మొదటి వారం ఆఖరి రాత్రితో మొదటి ఖాతా మూసుకుని, ఆ బిల్లు కార్డు మీద పడిపోతుంది. మరునాడు కొత్త ఖాతా తెరుచుకుంటుంది. టిప్పు ముందే కట్టేశామని నిశ్చింతగా ఉన్నవారు అది రెండు బుకింగులకూ కట్టారో, మొదటిదానికే కట్టారో పిల్లలను అడిగి తెలుసుకోవాలి. మొదటి వారానికి ఓడలో ఖర్చు పెట్టుకోమని కంపెనీ ఇచ్చిన సొమ్ము, అంటే ఆన్‌బోర్డ్ క్రెడిట్, మిగిలితే సాధారణంగా రెండో వారానికి రాదు. అలాంటిది ఉంటే మొదటి వారం టిప్పు బిల్లుకే సర్దుబాటయ్యేలా చూసుకోవడం తెలివైన పని. మన దేశపు కార్డు ఇచ్చినవారికి మరో ఇబ్బంది ఉంది. రెండు ఖాతాలకూ విడివిడిగా కొంత మొత్తం బ్యాంకులో నిలిపి ఉంచుతారు, మొదటిది విడుదల కాకముందే రెండోది పడుతుంది, పరిమితి తక్కువున్న కార్డయితే అక్కడే ఇరుకున పడతాం.

రెండు వారాల మధ్య వచ్చే ఆ ఉదయాన్ని గమనించినవారికి, టిప్పు ఎప్పుడు ఇవ్వాలన్న సందేహం ఇక మిగలదు. ఇమిగ్రేషన్ అధికారులు ఓడలో ఒక్క ప్రయాణికుడు కూడా మిగలలేదని లెక్క తేల్చుకునేదాకా కొత్తవారిని ఎక్కనివ్వరు. అందుకని మాలాంటివారిని కూడా ఒకచోట చేర్చి, తరువాతి ప్రయాణానికీ ఉన్నవారమని తెలిపే ఇన్ ట్రాన్సిట్ కార్డులు చేతికి ఇచ్చి, కిందికి దింపి, పాస్‌పోర్టులు చూసి మళ్లీ ఎక్కిస్తారు. మేము దిగే వేళకే నడవా పొడవునా విప్పేసిన దుప్పట్ల మూటలు గోడకు ఆనించి ఉన్నాయి. మా గది చూసే ఫిలిప్పీన్స్ అబ్బాయి ఒక చేత్తో మూట ఈడుస్తూ రెండో చేత్తో మాకు దారి చూపించాడు. మధ్యాహ్నంలోగా తన వాటా గదులన్నీ కొత్తవారికి సిద్ధం కావాలి. అదే ఉదయం సిబ్బందిలో కొందరికి ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు ముగిసి సైన్ ఆఫ్ అవుతారు, వారి స్థానంలో కొత్తవారు సైన్ ఆన్ అవుతారు. ఉన్నవారిలో కూడా కొందరిని వేరే అంతస్తుకో, వేరే భోజనశాలకో మారుస్తారు. చివర్లో కలిపి ఇద్దామని దాచిన డబ్బు, పనిచేసిన మనిషి ఇంటికి వెళ్లే విమానం ఎక్కిన తరువాత కూడా మన జేబులోనే ఉంటుంది.

మా విషయంలో గది చూసే అబ్బాయి రెండు వారాలూ ఒకడే ఉన్నాడు గాని, వడ్డించే మనిషి మారిపోయాడు. మొదటి వారం మా బల్ల దగ్గర ఒక ఇండోనేషియా ఆయన ఉండేవాడు. మా ఆవిడ తొలి రాత్రి ఆ చప్పిడి భోజనం తినలేక అవస్థ పడడం చూసి, మరునాటి నుంచి అడగకుండానే ఒక గిన్నెలో అన్నం, చిన్న పళ్లెంలో సన్నగా తరిగిన పచ్చిమిరపకాయలు, నిమ్మచెక్క తెచ్చి ఆవిడ ముందు పెట్టేవాడు. రెండో వారం మాకు వేరే బల్ల ఇచ్చారు. అతని బల్లలు భోజనశాల మరో చివర ఉన్నాయి. మొదటి వారం ఆఖరి రాత్రే అతని చేతికి ఇవ్వవలసింది ఇచ్చాం కాబట్టి, తరువాత కనిపించినప్పుడల్లా నిశ్చింతగా పలకరించగలిగాం.

అదనంగా ఎంత ఇవ్వాలన్నదానికి శాసనమేమీ లేదు. ఖాతాలో పడేదాన్ని కదల్చకుండా, వారానికి గది చూసేవారికి 20 డాలర్లు, వడ్డించేవారికి 20, వారి సహాయకునికి 10 ఇవ్వడం మాలాంటి పింఛనుదారులకు మర్యాదైన లెక్క అని నేను అనుకుంటాను. ఇవ్వలేని వారు ఇవ్వకపోయినా తప్పు పట్టవలసిన పని లేదు, ఖాతాలోది ఎలాగూ అందుతుంది. మన ఊళ్లో ఏడాదంతా ఇంటికి వచ్చిన మనిషిని గుర్తుపెట్టుకుని దసరా మామూలు ఇచ్చినట్టే, మనకు పనిచేసిన మనిషి చేతిలో పెట్టేదే ఈ అదనపు టిప్పు. ఎక్కిన రోజే గది చూసే మనిషి చేతిలో నోటు పెడితే సేవలు బాగుంటాయని సలహా ఇచ్చేవారున్నారు. అది నాకు నచ్చదు. పని చూడకముందే ఇచ్చేదానికి మన కార్యాలయాల్లో వేరే పేరుంది. మొదటి వారం చివర ఇచ్చినది రెండో వారానికి బయానాలా పనిచేస్తుందని మా ఆవిడ అంటుంది. ఆ మాటను నేను ఖండించలేను.

నగదు కోసం చిన్న నోట్లు ఇంటి దగ్గరే తీసుకుని వెళ్లడం మంచిది. కాఫీ, పళ్లరసం, మసాజ్ వంటి వాటి బిల్లుల్లో 18 నుంచి 20 శాతం సేవా రుసుము ముందే కలిసి ఉంటుంది. కింద అదనపు టిప్పు అని ఉన్న ఖాళీ గడిని ఖాళీగానే వదిలేయవచ్చు.

ఇంతా చెప్పినా, ఈ పద్ధతి న్యాయమైనదని నేను అనడం లేదు. జీతంలో ఒక భాగాన్ని యజమాని ఇవ్వకుండా ప్రయాణికుని మొహమాటం మీద వదిలేయడం నాకు మింగుడుపడదు. 2013 ఆగస్టు 20 నుంచి అమలులో ఉన్న సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం కూడా ఓడ మనిషి చేత రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటల దాకా పని చేయించవచ్చు. అంత శ్రమకు ప్రతిఫలం ప్రయాణికుడు కౌంటరు దగ్గర తీసుకునే నిర్ణయాన్ని బట్టి తగ్గకూడదు. ఇది మార్చలేనిదేమీ కాదు. బ్రిటన్‌లోని పీ అండ్ ఓ క్రూజెస్ 2019లో రోజువారీ సేవా రుసుమును ఎత్తివేసింది. ఖరీదైన ఓడల కంపెనీలు చాలావరకు టిప్పును టిక్కెట్టులోనే కలిపేస్తాయి. మిగిలినవారూ ఆ పని చేసేదాకా, కంపెనీ మీద కోపాన్ని లాండ్రీలో ఉన్న మనిషి వాటా మీద తీర్చుకోవడం మాత్రం సబబు కాదు.

మన విశాఖకు కూడా 2022లో చెన్నై నుంచి ఎంప్రెస్ అనే క్రూజు ఓడ వచ్చింది, 2023లో క్రూజు టెర్మినల్ ప్రారంభమైంది కాబట్టి, ఈ ప్రశ్న ఇక పాస్‌పోర్టు ఉన్నవారికే పరిమితం కాదు. ఇక్కడ ఎక్కేవారు టిక్కెట్టు కొనేటప్పుడే టిప్పు అందులో కలిసిందో లేదో అడిగి రాయించుకోవాలి. ఎక్కడ ఎక్కినా, దిగిన తరువాత కంపెనీ పంపే అభిప్రాయ పత్రాన్ని చెత్తలో వేయకండి. అందులో పేరు రాసిన సిబ్బందికి పై ఉద్యోగం ఇచ్చే వేళ అది లెక్కకు వస్తుందని నా శిష్యుడు చెప్పాడు. రెండు బుకింగులు కనుక పత్రాలు కూడా రెండు వస్తాయి. మొదటి వారంలో పనిచేసిన వారి పేర్లు మొదటిదానిలోనే రాయాలి. పేరుతో పాటు భోజనశాల, బల్ల సంఖ్య కూడా రాస్తే మంచిది, ఎందుకంటే ఒకే పేరున్నవారు ఒక్కో ఓడలో పలువురు ఉంటారు.