మెరూన్, కాఫీ, కొల్లియూర్ కొండలు

టీబీ మందు మొదలుపెట్టిన రోజు నర్సమ్మ రెండు సంగతులు చెప్పింది. మూత్రం కాషాయం రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు పని, కంగారు పడొద్దు. కళ్ళు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం ఆ రోజే చెప్పాలి. మొదటిది మర్నాటికే చూశాను. రెండోది కోర్సు సగం దాటాక వచ్చింది, అదీ గోడకున్న ఫ్రేము చూస్తుండగా.

మాది రాయగడ, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరి ఊరు. బజార్లో మాచింగ్ సెంటర్ నడుపుతాను. బ్లౌజు పీసులు, ఫాల్స్, లైనింగులు. చీర చెంగు కౌంటరు మీద పెడితే చాలు, అది రామా గ్రీనో నెమలికంఠమో, రాణి కలరో వంగపండో చెప్పేస్తాను. తెలుగువాళ్ళతో తెలుగులో, ఒడియావాళ్ళతో ఒడియాలో మాట్లాడినా రంగుల పేర్లు మాత్రం అందరికీ ఒకటే.

దగ్గు రెండు వారాలు దాటింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, జాకెట్లు వదులైపోయాయి. దగ్గర్లో చూపిస్తే బట్టల దుమ్ము పడట్లేదని సిరప్ రాసిచ్చారు. చివరికి మా వీధి ఆశా దీదీయే తెమడ పరీక్షకు డబ్బీ చేతిలో పెట్టింది. తెమడలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షలో టీబీ అని తేలింది, మామూలు మందులకు లొంగే రకమే. ఆర్నెల్ల కోర్సు. మొదటి రెండు నెలలూ నాలుగు మందులు, ఆ తర్వాత మూడు. అన్నీ కలిపిన బిళ్ళలే, బరువును బట్టి ఇన్ని అని ఇస్తారు. పోషణ కోసమని ప్రభుత్వం నెలకు ఇచ్చే 500ను 2024 నవంబరు నుంచి 1000 చేసింది. గుడ్ల ఖర్చుకు బాగానే పనికొచ్చింది.

వెనక గదిలో నా మంచం వేశారు. కంచం, గ్లాసు వేరు. ఈ జబ్బు కంచాల ద్వారా అంటదని దీదీ ఎంత చెప్పినా అత్తయ్య వినలేదు. ఆవిడ భయం ఆవిడది.

ఆ గది గోడ బోసిగా ఉందని మా అమ్మాయి బెంగళూరు నుంచి ఒక ప్రింటు పంపింది. ఫ్రేము కట్టించడానికి వెళ్తే, రోజూ మజ్జిగౌరి, జగన్నాథుడి పటాలు కట్టే అబ్బాయి మావారిని అడిగాడట, "ఇది ఏ క్షేత్రం సార్?" అని. ఆంద్రె దెరైన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1905 వేసవిలో వేసిన బొమ్మ అది. అప్పటికి పాతికేళ్ళవాడు. మతిస్ అనే మరో చిత్రకారుడితో కలిసి కొల్లియూర్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో గడిపాడు. ఫ్రాన్సు దక్షిణాన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, పిరనీస్ కొండలు సముద్రంలోకి దిగేచోట ఉంది ఆ ఊరు. మాలాగే సరిహద్దు జనం అన్నమాట. ముందు ఆలివ్ చెట్లు, గడ్డి, అన్నీ పొట్టి పొట్టి గీతలు. వెనక కొండలు నారింజ, గులాబీ, నీలం. ఆకాశానికి పచ్చ కలిసిన నీలం. "కొండ మీద పసుపూ కుంకుమా కుమ్మరించినట్టుంది, ఎవరు చూస్తారే దీన్ని" అంది అత్తయ్య గుమ్మంలోంచి. ఆ ఏడాదే పారిస్‌లో వీళ్ళ బృందం బొమ్మలు ప్రదర్శనకు పెడితే ఒక విమర్శకుడు వాళ్ళను క్రూరమృగాలన్నాడట. అత్తయ్యే నయం.

పడుకుని చూడటానికి ఇంకేమీ లేక దాన్నే చూసేదాన్ని. నాలుగో నెలలో నారింజ కొండ మాసినట్టు అనిపించింది. కిటికీ ఎండకు ప్రింటు వెలిసిందనుకుని మావారిని అడిగితే ఆయనకు ఏ తేడా లేదు. ఒక కన్ను మూసి ఒకదాంతో చూశాను. కుడి కంటికి కాస్త నయం, ఎడమ కంటికి ఎరుపు మట్టిరంగు.

"అసలు ఆ కొండ ఏ రంగులో ఉండాలో ఎవడికి తెలుసు? దీన్నిబట్టి కళ్ళు పోయాయంటావేంటి?" అన్నారాయన. అందుకే అది పనికొచ్చిందని నా నమ్మకం. గుడి క్యాలెండర్‌లో అమ్మవారి చీర ఎరుపని మనకు ముందే తెలుసు, కన్ను చూడకపోయినా మనసు ఎరుపు పూసేస్తుంది. షాపులో నా థాన్లు కూడా అంతే, ఏ అరలో ఏ రంగుందో చేతికే తెలుసు. దెరైన్ కొండకు ఫలానా రంగు ఉండాలని లేదు. కన్ను ఎంత ఇస్తే అంతే.

ఊళ్ళో కళ్ళజోళ్ళ దగ్గర అక్షరాలు చదివించి చూపు బాగానే ఉంది, నీరసం అన్నారు. ఆశా దీదీ ఊరుకోలేదు, టీబీ డాక్టరుకు చెప్పింది. ఆయన విశాఖలో కంటి డాక్టరుకు రాసిచ్చారు. రైలెక్కాం. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటేదాకా మావారు ఒక్క మాట మాట్లాడలేదు, టెన్షన్.

అక్కడ ఇషిహారా పుస్తకం ముందుపెట్టారు. రంగు చుక్కల మధ్య అంకె కనుక్కోవాలి. మొదటి పేజీలో 12 చదివేసి సంబరపడ్డాను. అది రంగులు తెలియనివాళ్ళు కూడా చదవగలిగే పేజీ అట. తర్వాతి పేజీల్లో చాలావాటిలో నాకు చుక్కలే.

నా బిళ్ళలో ఉన్న ఎథాంబ్యుటాల్ అనే మందు కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, తరచూ మొదట పోయేది ఎరుపు, ఆకుపచ్చల తేడా అని చెప్పారు. ఆపేస్తే ఎక్కువమందికి తిరిగొస్తుంది, అందరికీ రాదు, వచ్చినా నెలలు పడుతుంది. మిగతా మందులు మాత్రం ఒక్క రోజు కూడా మానకూడదు. కానీ మూడూ ఒకే బిళ్ళలో ఉంటే ఒకదాన్ని ఎలా తీసేది? ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ విడిగా దొరకడానికి మావారు తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు.

కోర్సు అయ్యాక తెమడ నెగెటివ్ వచ్చింది. బరువు పెరిగాను. నారింజ కొండ మొదట కుడి కంటికి వెలిగింది. ఎడమ కన్ను ఇంకా వెనకబడే ఉంది. షాపుకు రోజూ వెళ్తున్నాను. మెరూన్, కాఫీ రంగు ఫాల్స్ అడిగితే మాత్రం పనమ్మాయిని పిలిచి ఇప్పిస్తున్నాను. ఆ పిల్ల రెంటినీ ఎండలోకి తీసుకెళ్ళి చూసి మరీ ఇస్తుంది.