లాప్‌టాప్ మీది పెంగ్విన్

నిన్న పాత లాప్‌టాప్ తుడుస్తుంటే మా చిన్నది వచ్చి, "నాన్నా, ఈ బొద్దు పెంగ్విన్ ఎవరిది?" అంది. సగం ఊడిన టక్స్ స్టిక్కర్ అది; టక్స్ అంటే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుర్తుబొమ్మ. కాలేజీలో లినక్స్ ఇన్‌స్టాల్ చేయబోయి, విండోస్‌తో పాటు ప్రాజెక్ట్ రిపోర్టునీ చెరిపేసుకున్న వారమే అంటించాను. అంత టెన్షన్‌లోనూ ఆ బొమ్మ మీద మాత్రం కోపం రాలేదు, విచిత్రం!

ఆ పెంగ్విన్ కడుపునిండా చేపలు తిని తీరిగ్గా కూర్చున్నట్టు ఉండాలన్నది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కోరిక. 1996లో లారీ యూయింగ్ అలాగే గీశాడు. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ గురించి మా చిన్నదానికేం చెప్పను? ఆస్ట్రేలియాలో ఓ బుల్లి పెంగ్విన్ లైనస్‌ని ముక్కుతో పొడిచిన కథ చెప్పాను. పడీపడీ నవ్వింది.

అక్కణ్నుంచి ఏనుగుల మీదకి వెళ్లాం. భారీ డేటాని సంభాళించే సాఫ్ట్‌వేర్ హడూప్. ఆ పేరు, దాని సృష్టికర్తల్లో ఒకడైన డగ్ కటింగ్ కొడుకు ఆడుకున్న పసుపుపచ్చ ఏనుగుబొమ్మది. 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ గుర్తుబొమ్మ 'అప్పు' కూడా ఏనుగే. ఆ ఆటల్లో పతకాలెన్నో మా నాన్నకి గుర్తులేదు, అప్పు మాత్రం గుర్తే.

"మరి కోడి లేదా?"

ఉంది, 1998 ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి ఫుటిక్స్ అనే నీలిరంగు పుంజు. ఫోటో చూపిస్తే పెదవి విరిచి, "తాతయ్య వాళ్ల పుంజే బాగుంటుంది" అని తేల్చేసింది.