ఫిబ్రిలేషన్‌లో గుండె కణం ఏం చేస్తుంది? – నా ప్రిపరేషన్ అనుభవం

మెడికల్ పరీక్ష రిజల్ట్స్ వచ్చాయి. అనుకున్న ర్యాంకు వచ్చింది, ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ఏ టెస్ట్ సిరీస్ రాశావు, రోజుకు ఎన్ని గంటలు చదివావు అని చాలామంది అడుగుతున్నారు. అవి అందరికీ దాదాపు ఒకటే, వాటి జోలికి పోను. నా చదువు తీరు మారింది ఒక్క టాపిక్ దగ్గర: ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు, అంటే ఏట్రియంలు, లయ తప్పి అతివేగంగా వణకడం) వల్ల గుండె కణంలో జరిగే ఎలక్ట్రికల్ రీమోడలింగ్, అంటే కణం విద్యుత్ ప్రవర్తనే మారిపోవడం. దాని గురించే రాస్తాను.

యాక్షన్ పొటెన్షియల్ (ప్రతి స్పందనకూ కణంలో వచ్చిపోయే విద్యుత్ మార్పు) ఫేజులు మీకు తెలిసినవే. చిక్కంతా ఆ తర్వాతే. ఎల్-టైప్ ఛానెళ్ల గుండా లోపలికి వచ్చే కాల్షియం కరెంట్ తగ్గుతుంది. పొటాషియం కరెంట్లలో ఐటీఓ తగ్గుతుంది, ఐకే1 పెరుగుతుంది, దాన్ని మామూలుగా నడిపించే నరాల రసాయనం ఎసిటైల్‌కోలిన్ లేకపోయినా ఐకే-ఏసీహెచ్ పనిచేస్తూనే ఉంటుంది. ఇలా పైకీ కిందికీ బాణం గుర్తులతో పెద్ద పట్టిక. పొద్దున బట్టీ పట్టింది సాయంత్రానికి తారుమారయ్యేది. ఒక రాత్రి ఆ పట్టిక పక్కన పెట్టేసి నన్ను నేను ఒకే ప్రశ్న అడిగాను. నిమిషానికి 400 సార్లకు పైగా ఉత్తేజితం చేస్తుంటే, ఆ కణం తనను తాను ఎలా కాపాడుకుంటుంది?

అక్కడి నుంచి ముడి దానంతటదే విడిపోయింది. ప్రతి యాక్షన్ పొటెన్షియల్‌కీ కాస్త కాల్షియం లోపలికి వస్తుంది. అంత వేగంగా వస్తూ ఉంటే బయటికి పంపే వ్యవధి చాలదు. అదుపు తప్పిన కాల్షియం కణానికి ప్రమాదం. కాబట్టి కణం తలుపు మూయడం మొదలుపెడుతుంది. మొదట నిమిషాల్లో, ఉన్న ఎల్-టైప్ ఛానెళ్లే ఇనాక్టివేట్ అవుతాయి (పనిచేయడం ఆపేస్తాయి). తర్వాత గంటలు, రోజుల్లో కొత్త ఛానెళ్ల తయారీయే తగ్గిపోతుంది. ఫేజ్ 2ని నిలబెట్టేదే ఆ కాల్షియం కరెంట్, అది పోతే ప్లాటో (ఫేజ్ 2లోని చదునైన భాగం) కూలిపోతుంది. పైగా ఐకే1 పెరగడంతో రీపోలరైజేషన్ (కణం విశ్రాంతి స్థితికి తిరిగి రావడం) చివరి భాగం త్వరగా ముగుస్తుంది. యాక్షన్ పొటెన్షియల్ పొట్టిగా, త్రికోణంలా మారుతుంది. రిఫ్రాక్టరీ పీరియడ్ (కణం మళ్లీ ఉత్తేజితం కాలేని వ్యవధి) కూడా తగ్గుతుంది.

ఇక్కడే కాగితం తీసుకుని లెక్క వేశాను. రీఎంట్రీ అంటే విద్యుత్ తరంగం వలయంలా తిరిగి అదే చోటికి రావడం. దాని వేవ్‌లెంగ్త్ అంటే కండక్షన్ వెలాసిటీని (తరంగం పాకే వేగాన్ని) రిఫ్రాక్టరీ పీరియడ్‌తో గుణించడమే కదా. వెలాసిటీ సెకనుకు 1 మీటరు అనుకోండి. రిఫ్రాక్టరీ పీరియడ్ 150 మిల్లీసెకన్లయితే వేవ్‌లెంగ్త్ 15 సెంటీమీటర్లు. 80కి పడిపోతే 8 సెంటీమీటర్లే. అదే ఏట్రియంలో ఇప్పుడు ఎక్కువ వలయాలు పడతాయి. ఫైబ్రోసిస్ (కండరంలో మచ్చ కణజాలం పెరగడం) వల్ల, కనెక్సిన్లలో (కణాలను కలిపే ప్రోటీన్లలో) మార్పుల వల్ల వెలాసిటీ కూడా తగ్గితే ఇంకా ఎక్కువ. కణం తనను కాపాడుకోవడానికి చేసిన పనే ఫిబ్రిలేషన్‌ను నిలబెడుతోంది! ఆ క్షణంలో కలిగిన ఆనందం ర్యాంకు చూసినప్పుడు కూడా కలగలేదంటే నమ్మండి.

1995లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మారిట్స్ అలెసీ బృందం మేకల మీద చేసిన ప్రయోగం అప్పుడు కథలా అర్థమైంది. పేసింగ్‌తో (గుండెకు విద్యుత్ ప్రేరణలిచ్చి) ఫిబ్రిలేషన్‌ను పదే పదే రప్పించారు. మొదట్లో కొన్ని సెకన్లలో ఆగిపోయేది రోజులు గడిచేకొద్దీ ఎక్కువసేపు నిలిచింది, 11 మేకల్లో 10కి స్థిరపడింది. ఫిబ్రిలేషనే ఫిబ్రిలేషన్‌ను పుట్టిస్తుందన్న మాట అక్కడిదే. సైనస్ రిథమ్ (గుండె మామూలు లయ) తిరిగొచ్చాక దాదాపు వారంలో రిఫ్రాక్టరీ పీరియడ్ మామూలైంది. ఫైబ్రోసిస్ అంత తేలిగ్గా వెనక్కి రాదు. కొత్తగా వచ్చిన ఫిబ్రిలేషన్‌ను మామూలు లయకు మార్చడం సులువు, పాతదాన్ని మార్చడం కష్టం అనే వాక్యానికి కారణం ఇదే.

ఇంత లోతుకు పోవడం టైమ్ వేస్ట్ అని స్నేహితులు చాలాసార్లు అన్నారు. ఒప్పుకోను. కార్డియోవర్షన్ (షాక్‌తో గానీ మందుతో గానీ లయను సరిచేయడం) అయ్యాక రిథమ్ బాగున్నా కనీసం 4 వారాలు యాంటీకోయాగులెంట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఎందుకివ్వాలి? కాల్షియం కరెంట్ తగ్గిన ఏట్రియం ఇంకా సరిగా సంకోచించదు, రక్తం నిలుస్తుంది, గడ్డ కడుతుంది. ఫిజియాలజీ, ఫార్మకాలజీ, మెడిసిన్ మూడూ ఒక్క కారణంలో కలిసిన చోటు అది. రోజూ ఒక కారణాన్ని చివరిదాకా పట్టుకుని వెళ్లే ఓపిక లేకపోతే ఎన్ని ఎమ్‌సీక్యూలు చేసినా ఏం లాభం? మూడ్ ఉన్నా లేకపోయినా కూర్చోవాలి. మిగతా సబ్జెక్టులకు నేను చేసిందల్లా పాత ప్రశ్నలు, రివిజన్, మాక్ టెస్టులు. అందులో కొత్తేమీ లేదు.

ఫిబ్రిలేషన్‌ను మొదలుపెట్టే ట్రిగ్గర్‌ను, దాన్ని నిలబెట్టే సబ్‌స్ట్రేట్‌ను విడివిడిగా రాసుకోండి. పైన చెప్పింది సబ్‌స్ట్రేట్. ట్రిగ్గర్ అంటే కణంలోని కాల్షియం నిల్వకు తలుపైన రయనోడిన్ రిసెప్టర్ నుంచి డయాస్టోల్‌లో (గుండె సడలినప్పుడు) కాల్షియం లీక్ కావడం. అప్పుడు కణం పొరలోని సోడియం-కాల్షియం ఎక్స్‌ఛేంజర్ ఒక కాల్షియంను బయటికి తోస్తూ మూడు సోడియంలను లోపలికి తెస్తుంది, నికరంగా ఒక పాజిటివ్ చార్జ్ మిగులుతుంది, డిలేయ్డ్ ఆఫ్టర్‌డీపోలరైజేషన్ (యాక్షన్ పొటెన్షియల్ ముగిశాక వచ్చే అదనపు విద్యుత్ కుదుపు) వస్తుంది. ఇలాంటి ట్రిగ్గర్లు ఎక్కువగా పల్మనరీ వెయిన్ల (ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరల) నుంచే మొదలవుతాయని 1998లో ఫ్రాన్స్‌లోని హైసగేర్ బృందం చూపించింది. అబ్లేషన్ (ట్రిగ్గర్ పుట్టే చోటును కాల్చి ఆపే చికిత్స) ప్రశ్నలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

హార్ట్ ఫెయిల్యూర్‌ను మాత్రం దీంతో కలపకండి. అక్కడ వెంట్రికిల్ (గుండె కింది గది) కణంలో పొటాషియం కరెంట్లు తగ్గి యాక్షన్ పొటెన్షియల్ పొడవవుతుంది. ఫిబ్రిలేషన్ ఏట్రియంలో పొట్టిదవుతుంది. రెండింటి గ్రాఫులూ ఒకే పేజీలో పక్కపక్కన గీసుకోండి, ఆప్షన్లు ఎంత తిప్పి ఇచ్చినా టెన్షన్ ఉండదు.