ఎడమచేతి కణుపులు

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, నాకు ఇప్పటికీ పనికివస్తున్న ఒక పాఠం గురించే రాయాలనిపించింది. అది తరగతి గదిలో విన్నది కాదు. మైదానంలో వేపచెట్టు కింద నిలబెట్టి మన డ్రిల్లు మాస్టారు నేర్పినది.

1983లో భారత జట్టు ప్రపంచ కప్పు గెలిచిన తరువాత మన బడిలో బ్యాటు పట్టనివారు లేరు. నేను ఏ బంతిని కొట్టబోయినా కుడిచెయ్యి బలంగా లాగేసేది. బ్యాటు అడ్డంగా తిరిగి, బౌలరు వైపు నేరుగా వెళ్ళవలసిన బంతి గాలిలోకి లేచి మిడ్ వికెట్ దగ్గర ఎవరో ఒకరి చేతిలో పడేది. మోచెయ్యి ఎత్తమని ఒకరు, కాలు ముందుకు వెయ్యమని ఒకరు, తల కదిలించవద్దని మరొకరు చెప్పేవారు. అన్నీ ఒకేసారి చేయబోయి ఏదీ చేయలేకపోయేవాణ్ణి. మాస్టారు ఒక ఓవరు మౌనంగా చూసి, "ఒరేయ్, ముందు నీ చేతులు చూపించు" అన్నారు. కుడిచేతి చివరి మూడు వేళ్ళూ సడలించి, బొటనవేలు, చూపుడువేలు మాత్రమే బ్యాటుకు ఆనించి ఆడమన్నారు. లాగడానికి బలం లేని చెయ్యి ఇక లాగలేదు, బంతి తిన్నగా వెళ్ళింది. కాళ్ళ గురించి గానీ, తల గురించి గానీ ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

నలభై అయిదో ఏట హైదరాబాదులో, గోల్కొండ నయా ఖిల్లా గోడల పక్కనున్న మైదానంలో నేను గోల్ఫ్ మొదలుపెట్టాను. గోల్ఫ్ ఆడే కర్రను క్లబ్ అంటారు; వాటిలో బంతిని అన్నిటికంటే దూరం కొట్టేది డ్రైవరు. ఆ డ్రైవరుతో కొట్టిన ప్రతి బంతీ కొంత దూరం బాగానే వెళ్ళి, ఆపైన కుడివైపుకు వంపు తిరిగి పొదల్లో పడేది. దీనిని స్లైస్ అంటారు. కుడిచేతివాటం వారిలో కొత్తగా నేర్చుకునే చాలామందికి ఉండే జబ్బే అయినా, నాకు అది నాలుగేళ్ళు వదలలేదు. నడుము ముందు తిప్పాలని, భుజం ఆలస్యం చేయాలని, క్లబ్బును లోపలి నుంచి తేవాలని సలహాలు అందాయి. అవి తప్పు సలహాలని నేను అనను. అయితే బంతి క్లబ్బుకు తగిలి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు మాత్రమే. అంత వేగంగా సాగే పనిలో ఐదారు సూచనలను గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాలేదు.

స్లైసుకు అసలు కారణం, బంతిని తాకే క్షణంలో క్లబ్ ముఖం, అంటే బంతికి తగిలే చదునైన భాగం, క్లబ్ కదులుతున్న దారికంటే కుడివైపుకు తెరుచుకుని ఉండడం. బంతి కుడికి పోతోంది కదా అని నేను ఎడమవైపుకు గురిపెట్టేవాణ్ణి. దానితో క్లబ్ దారి మరింత ఎడమకు మళ్ళి, ముఖానికీ దారికీ మధ్య కోణం పెరిగి, వంపు ఇంకా ఎక్కువయ్యేది. నేను వేసుకున్న మందే జబ్బును పెంచిందన్నమాట.

ఒక సాయంత్రం ప్రాక్టీసు మధ్యలో విసిగి ఆగినప్పుడు మాస్టారి మాట గుర్తుకు వచ్చి నా చేతులు నేనే చూసుకున్నాను. క్లబ్బును పట్టుకున్న ఎడమచేతిలో వేళ్ళ మొదట ఉండే కణుపుల్లో ఒక్కటి మాత్రమే కనబడుతోంది. క్లబ్ పక్కన పెట్టి ఎడమచేతిని ఊరికే వేలాడదీసి చూస్తే, అరచెయ్యి తొడ వైపు కాస్త లోపలికి తిరిగి, పైనుంచి రెండు మూడు కణుపులు కనబడ్డాయి. ఊపులో చెయ్యి తన సహజ స్థితికే తిరిగి వస్తుంది గనుక, దానిని మెలిపెట్టి పట్టుకుంటే బంతి దగ్గరకు వచ్చేసరికి ఆ మెలి విడిపోయి క్లబ్ ముఖం తెరుచుకుంటుంది. నేను చేయవలసినదల్లా వేలాడే చెయ్యిని ఉన్నదున్నట్టుగా తెచ్చి, అరచేతిలో కాక వేళ్ళలో క్లబ్బును పట్టుకోవడమే.

మొదటి బంతులు తిన్నగా ఎడమకు పోయాయి. భయపడలేదు, ఎందుకంటే వంపు మాయమైంది. మిగిలింది నాలుగేళ్ళుగా ఎడమకు లాగిన పాత అలవాటు మాత్రమే. రెండు పాదాలు దగ్గరగా పెట్టి, మధ్యస్థ దూరానికి వాడే క్లబ్ అయిన ఏడో నంబరు ఐరన్‌తో సగం ఊపులు వేయసాగాను. పాదాలు దగ్గరగా ఉన్నప్పుడు బలవంతంగా లాగితే తూలిపోతాం గనుక, శరీరమే అణకువ నేర్చుకుంటుంది. కొన్ని వారాలకు డ్రైవరు కూడా దారికి వచ్చింది. గోల్ఫ్ అతిపెద్ద పోటీలైన మేజర్లలో తొమ్మిది టైటిళ్ళు గెలిచిన అమెరికన్ ఆటగాడు బెన్ హోగన్‌ది దీనికి తలకిందులైన బాధ: బంతి ఎడమకు మెలితిరిగే హుక్. ఆయన చేసుకున్న మార్పుల్లో ఎడమచేతిని నాకు వ్యతిరేక దిశలో తిప్పుకోవడం ఒకటి. అంతటి ఆటగాడు కూడా పట్టు దగ్గరకే వెళ్ళాడని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మాస్టారిని కలిసి ఈ సంగతంతా చెప్పాను. ఆయన గోల్ఫ్ ఎన్నడూ ఆడలేదు. తన చేతికర్ర అందించి, పట్టుకుని చూపించమన్నారు. నేను గర్వంగా ఎడమచేతి కణుపులు కనబడేలా పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఆ చెయ్యి వైపు చూడనే లేదు.

"కుడిచెయ్యి ఇంకా బిగిస్తున్నావురా" అన్నారు.

ఆ మరుసటి ఆదివారం నుంచి కుడిచేతి వేళ్ళను సడలించడం మొదలుపెట్టాను.